‘ఆ మర కాస్త ఆపమ్మా’

విజయవాడ నుంచి ఓ పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకి 36 ఏళ్లు. పిల్లల కథలు, బడి పాఠాలు తెలుగులో చదివి, రికార్డు చేసి ఒక సంస్థకు పంపుతారు. నిమిషానికి ఇంత అని లెక్క. ఉంటున్నది ఒకే బెడ్‌రూమ్ ఉన్న అద్దె పోర్షన్. బెడ్‌రూమ్‌లో భర్త, ఎనిమిదేళ్ల బాబు పడుకుంటారు. ఆయన తెల్లవారుజామున 5 గంటలకే డ్యూటీకి బయల్దేరాలి. హాల్లో ఒక గోడవైపు కంప్యూటర్ టేబుల్, ఎదుటి గోడవైపు 71 ఏళ్ల అత్తగారి మంచం. పగలు వీధిలో ఆటోలు, పై వాటాలో మిక్సీ, సందు చివర గుడి మైకు. అందుకని రికార్డింగ్ ఎప్పుడైనా రాత్రి 11 దాటాకే.

కంప్యూటర్ 2022లో షాపులో అసెంబుల్ చేయించింది. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, దాని డబ్బాలో వచ్చిన కూలరే (ప్రాసెసర్‌ని చల్లబరిచే చిన్న ఫ్యాను). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ముందువైపు గాజు పలక, రంగురంగుల లైట్లు వెలిగే మూడు ఫ్యాన్లు (ముందు రెండు, వెనక ఒకటి) ఉన్న క్యాబినెట్. కొన్నాళ్లుగా దాని హోరు పెరిగింది, పైగా ఒక్కోసారి ఉన్నట్టుండి పైకెక్కి దిగుతోంది. రెండు నెలల్లో రెండు ఫైళ్లని సంస్థవాళ్లు ‘వెనక గుయ్‌మంటోంది’ అని తిప్పి పంపారు. అత్తగారు నిద్రపట్టక “ఆ మర కాస్త ఆపమ్మా” అంటున్నారు.

సలహాలకు కొదవ లేదు. భర్త లిక్విడ్ కూలర్ (ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచేది) పెట్టిద్దామన్నారు, దానికి షాపతను 9,000 రూపాయలు చెప్పాడు. అదే షాపతను, అది వద్దంటే ఇంకో మూడు ఫ్యాన్లు బిగిస్తానన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడేమో ‘నాక్టువా కంపెనీ ఫ్యాన్లు మూడు కొనక్కా, ఇంకేం చూడకు’ అన్నాడు. ఆమె దగ్గర తన సంపాదనలోంచి దాచుకున్న 6,000 ఉన్నాయి. “మళ్లీ ఈ కంప్యూటర్ మీదే ఖర్చా అని ఇంట్లో అనుకుంటారేమోనని భయం. ఏ ఫ్యాన్లు కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి” అని అడిగారు. చివర్న చిన్న ప్రశ్న కూడా జోడించారు: ఫ్యాను ముందూ వెనకా ఏదో చూసి ఎలా గుర్తుపట్టాలి?

జవాబు:

అమ్మా, ఒక్క ముక్కలో చెప్పగలిగితే నాకూ సంతోషమే. కానీ మీ ఉత్తరంలో మూడు బాధలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. మంచి ఫ్యాన్లు కొంటే వాటిలో ఒకటి పూర్తిగా తీరుతుంది, ఒకటి సగం తీరుతుంది, మూడోది అసలు తీరదు. ఆ మూడోది తీరుతుందన్న ఆశతో మీరు దాచుకున్న డబ్బంతా పెట్టి, తర్వాత బాధపడకూడదు. అందుకే ముందు చిక్కు విప్పుకుందాం.

మూడో పేజీలో మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన మాట ఒకటుంది. “ఎడిటింగ్ చేసే రాత్రుళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను, అత్తయ్య బాగానే పడుకుంటారు. రికార్డింగ్ ఉన్న రెండు రాత్రులే గొడవ, అప్పుడు సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేస్తాను కదా.” ఇక్కడే నేను ఆగిపోయాను. కంప్యూటర్ అన్ని రాత్రులూ తిరుగుతోంది. ఎడిటింగప్పుడు దానికి పని ఎక్కువ, హోరూ ఎక్కువే. అయినా ఆ రాత్రుళ్లు ఆవిడకి నిద్ర పడుతోంది. మరి ఆవిడని లేపుతున్నదేమిటి? వేసవిలో విజయవాడలో, గాలి ఆడని హాల్లో, సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒళ్లు చెమట పట్టి మెలకువ వస్తుంది. మెలకువ వచ్చాక, ఫ్యాన్ చప్పుడు లేని ఆ ఇంట్లో వినిపించేది కంప్యూటర్ ఒక్కటే. ‘ఫ్యాన్ వెయ్యి’ అంటే కోడలి పని ఆగిపోతుందని ఆవిడకి తెలిసే ఉంటుంది. అందుకే ‘మర ఆపు’ అంటున్నారని నాకు అనిపిస్తోంది. ఇది నా ఊహ మాత్రమే. కంప్యూటర్ కట్టేసి, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి ఒక పది నిమిషాలు చూడండి, లేదా పగటిపూట నెమ్మదిగా ఆవిడనే అడగండి.

ఊహ నిజమైతే, ఆ బాధ మీరు ఏ ఫ్యాన్లు కొన్నా పోదు. దాని సంగతి చివర్లో మాట్లాడతాను. మిగిలినవి రెండు: మైకులోకి వెళ్తున్న గుయ్‌మనే శబ్దం, మీ చెవికి తగులుతున్న హోరు. ఈ రెండూ ఒకటి కావు. చెవికి బాగానే తగ్గింది అనిపించినా, నోటికి దగ్గరగా పెట్టుకున్న మైకు వినేస్తూనే ఉండొచ్చు.

మీరు ఉత్తరమంతా పెట్టెని ‘సీపీయూ’ అన్నారు. మన ఇళ్లలో అందరూ అలాగే అంటారు. షాపుకి వెళ్లినప్పుడు మాత్రం పెట్టెని క్యాబినెట్ అనీ, లోపలి చిప్పుని ప్రాసెసర్ అనీ చెప్పండి. లేకపోతే ‘సీపీయూ ఫ్యాన్’ అని మీరు అడిగేది ఒకటి, వాళ్లు ఇచ్చేది ఇంకొకటి అవుతుంది.

మీ క్యాబినెట్‌లో తిరిగేవి కనీసం ఐదు. మూడు క్యాబినెట్ ఫ్యాన్లు, ప్రాసెసర్ మీది కూలర్ ఫ్యాను, ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) ఒకటి. పాత తరహా హార్డ్ డిస్కు కూడా ఉంటే ఆరు. హోరు పెడుతున్నది వీటిలో ఏదో తెలుసుకోకుండా ఫ్యాన్లు కొనడం, ఏ పన్ను నొప్పో చూడకుండా పీకించుకోవడం లాంటిది. తెలుసుకోవడానికి ఒక రాత్రి అరగంట చాలు. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, క్యాబినెట్ పక్క తలుపు విప్పండి, కంప్యూటర్ ఆన్ చేయండి. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో ఫ్యాన్ దగ్గర పెట్టి వినండి. తర్వాత పెన్సిల్ వెనకుండే రబ్బరుతో ఫ్యాను నడిమి బొడిపె మీద మెల్లగా నొక్కితే అది ఆగుతుంది. రెక్కల జోలికి పోవద్దు. రెండు మూడు సెకన్లు ఆపి వదిలేయండి. ఏది ఆగినప్పుడు గది ఒక్కసారిగా మారిపోయిందో అదే దొంగ. ప్రాసెసర్ ఫ్యాన్‌ని కూడా ఆ కాసేపు ఆపితే ఏమీ కాదు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను మాత్రం చేతికి అందదు, అందుకోవడానికి ప్రయత్నించకండి. ప్లగ్గు తీసేసినా దాని లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. హోరు దానిదేనని తేలితే మార్చడమే తప్ప విప్పడం లేదు. హార్డ్ డిస్కుదైతే గుర్తుపట్టడం తేలిక. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు సన్నగా, ఎప్పుడూ ఒకే స్థాయిలో గుయ్‌మంటూ ఉంటుంది, మధ్యమధ్యలో కిర్రుమంటుంది.

మీరు చెప్పిన ఆనవాళ్లని బట్టి చూస్తే నా అనుమానం ముందుగా ఆ రంగుల ఫ్యాన్ల మీద, తర్వాత కూలర్ మీద.

రంగుల ఫ్యాన్లతో వచ్చే చవక క్యాబినెట్లలో చాలావాటికి ఒక లోపం ఉంటుంది. ఆ ఫ్యాన్లు మదర్‌బోర్డుకి తగిలించి ఉండవు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద నాలుగు రంధ్రాల ప్లగ్గుకో, ఒక చిన్న హబ్బుకో (ఫ్యాన్ల తీగలన్నీ కలిసే చోటు) నేరుగా తగిలించేస్తారు. అంటే పన్నెండు వోల్టులూ ఎప్పుడూ వాటికి అందుతూనే ఉంటాయి. మీరు ఎక్సెల్ షీట్ చూస్తున్నా, ఎండాకాలమైనా, డిసెంబరు అర్ధరాత్రి అయినా అవి ఒకే వేగంతో తిరుగుతాయి. లోపల వేడి ఎంతుందో వాటికి తెలియదు, నెమ్మదించమని చెప్పే దారి కంప్యూటర్‌కి లేదు. పైగా ముందు గాజు పలక. గాలి లోపలికి రావడానికి పక్కన సన్నటి సందులే ఉంటాయి. సందుల్లోంచి గాలి ఈడ్చుకోవాల్సి వస్తే ఏ ఫ్యానైనా ఈల వేస్తుంది. ఇన్నేళ్ల దుమ్ము, పోపు పొగలోని జిడ్డు ఆ సందుల్లో పేరుకుంటే ఇంకా గోల.

కాబట్టి రూపాయి ఖర్చు లేకుండా చేయగల మొదటి పని: కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, గాలికి వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తర్వాత ఆ మూడింటిలో ముందువైపు రెండూ పీకేసి, వెనకది ఒక్కటే ఉంచి ఒక రాత్రి పని చేసి చూడండి. భయపడకండి, లెక్క చెబుతాను. మీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. గట్టిగా పని చేసినప్పుడు లోపల పుట్టే వేడి సుమారు 100 వాట్లు అనుకోండి. నిమిషానికి 25 ఘనపుటడుగుల గాలి ఆ పెట్టెలోంచి నిజంగా బయటికి పోతే, పోయే గాలి గది గాలికన్నా 7 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ల డబ్బాల మీద 50, 60 అని రాసి ఉంటుంది. అడ్డంకుల మధ్య అంత రాదు, అయినా మీకు కావలసింది అందులో సగమే. ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టుకుని గమనించండి. మీ ప్రాసెసర్ తట్టుకునే హద్దు 100 డిగ్రీలు. పని మధ్యలో 80 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు మీ తమ్ముడి మాట, షాపతని మాట రెండూ తూచడానికి కావలసిన ఒక్క సంగతి చెబుతాను. నిశ్శబ్దం ఫ్యాను బ్రాండులో కన్నా అది తిరిగే వేగంలో ఉంటుంది. ఒకే ఫ్యాన్‌ని సగం వేగంతో తిప్పితే గాలి సగమే తగ్గుతుంది, శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టు వినిపిస్తుంది. అదే ఒకే రకం ఫ్యాన్లు ఒకటికి రెండు పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి పూర్తి వేగంతో తిరిగే ఒక్క ఫ్యాన్‌కన్నా సగం వేగంతో తిరిగే మూడు ఫ్యాన్లు ఎక్కువ గాలినిస్తూ కూడా చాలా తక్కువ శబ్దం చేస్తాయి. షాపతను చెప్పిన ‘ఎక్కువ ఫ్యాన్లు’ అన్నది ఇలా చూస్తే సగం నిజం. ఆ ఫ్యాన్లని నెమ్మదిగా తిప్పే దారి కూడా చూపిస్తేనే పూర్తి నిజం అవుతుంది. ఇప్పుడున్న హబ్బుకే ఇంకో మూడు తగిలిస్తే ఆరు ఫ్యాన్లు పూర్తి వేగంతో అరుస్తాయి.

అందుకని ఫ్యాను కొనేటప్పుడు డబ్బా మీద డెసిబెల్ అంకె చూడకండి. ఒక కంపెనీ ఒకలా కొలుస్తుంది, ఇంకోటి ఇంకోలా కొలుస్తుంది, మీరు వాడబోయే వేగంలో అది ఎంతన్నది ఎవరూ రాయరు. మీరు చూడాల్సినవి ఇవి. ప్లగ్గుకి నాలుగు పిన్నులు ఉండాలి. నాలుగో తీగ మీదుగానే మదర్‌బోర్డు ‘నెమ్మదించు’, ‘పెంచు’ అని చెబుతుంది, దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నులదైనా వోల్టేజీ తగ్గించి నెమ్మదింపజేయొచ్చు, కానీ బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) ఆ హెడర్‌ని, అంటే ఫ్యాను ప్లగ్గు పెట్టే చోటుని, డీసీ అని మార్చాలి. మార్చకపోతే కొత్త ఫ్యానూ పూర్తి వేగంతోనే తిరిగి, మోసపోయామనిపిస్తుంది. రెండోది, ఎంత నెమ్మదిగా తిరగగలదు అన్నది. గరిష్ఠ వేగం గురించి అందరూ గొప్పగా రాస్తారు. మీకు కావలసింది కనిష్ఠం. నిమిషానికి 300, 500 చుట్ల దగ్గర నిలకడగా తిరగగలిగేది మంచిది, 1,000 కన్నా దిగలేనిది వద్దు. సైజు మీ క్యాబినెట్ పట్టినంత పెద్దది. 140 మిల్లీమీటర్లది పడితే అదే, లేకపోతే 120. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగి కూడా అంతే గాలి తోస్తుంది. బేరింగ్ విషయంలో, చవకగా వచ్చే స్లీవ్ బేరింగ్ కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, వేడికి నూనె ఎండిపోయి కొన్నాళ్లకి టిక్‌టిక్ మొదలుపెడుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని స్పష్టంగా రాసినది తీసుకోండి. లైట్లు ఉన్నాయా లేవా అన్నది శబ్దానికి సంబంధం లేని సంగతి, కానీ అదే డబ్బుకి లైట్లు లేనిదాంట్లో మోటారు మంచిది దొరుకుతుంది.

నాక్టువా గురించి మీ తమ్ముడు చెప్పింది తప్పు కాదు. ఆస్ట్రియా కంపెనీ. 2018లో వాళ్లు తెచ్చిన ఎన్‌ఎఫ్-ఏ12x25 ఫ్యాన్‌లో రెక్క కొసకీ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే. అంత సన్నటి సందు ఉంటే గాలి వెనక్కి జారదు. అయితే తిరుగుతూ తిరుగుతూ రెక్కలు సాగి చట్రాన్ని తాకకూడదు కాబట్టి సాగని ప్రత్యేకమైన ప్లాస్టిక్ వాడారు. ధర అందుకే. ఆరేళ్ల వారంటీ ఇస్తారు. మీరు రోజుకి ఎనిమిది గంటలు దాని పక్కనే కూర్చుని పని చేసేవారూ, లోపల బరువైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారూ అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. మీ యంత్రంలో 100 వాట్లు. నిమిషానికి 600 చుట్లు తిరిగేటప్పుడు దానికీ, ఆర్కటిక్ పీ12 లాంటి మామూలు ధర ఫ్యాన్‌కీ తేడా మీ హాల్లో వినిపించదు. ఒక నాక్టువా ధరకి దాదాపు మూడు ఆర్కటిక్‌లు వస్తాయి. ఏ ఫ్యాన్‌కైనా ఒకానొక వేగం దగ్గర సన్నగా గుయ్‌మనే గుణం ఉంటుంది. బయోస్‌లో వేగం మెల్లగా పెంచుకుంటూ పోయి అది ఎక్కడో కనిపెట్టి, ఆ వేగం దగ్గర నిలబడకుండా పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక ఆ ఎక్కి దిగే శబ్దం. అది కూలర్ ఫ్యాను పని. ఐ5-12400 మామూలుగా 65 వాట్లు తింటుంది, కానీ కాసేపు 117 వాట్ల దాకా ఎగబాకుతుంది. ఒక ఫైలు తెరవగానే చిప్పు క్షణంలో వేడెక్కుతుంది, చిన్న కూలర్ కంగారుపడి పరిగెడుతుంది, రెండు సెకన్లకి పని అయిపోతుంది, మళ్లీ దిగుతుంది. మనిషి చెవి నిలకడైన శబ్దానికి అలవాటు పడుతుంది, ఎక్కి దిగేదానికి పడదు. మీ పనికి ఇది ఇంకా చెరుపు. ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో శబ్దం తగ్గించే సాధనం ఉంది కదా, అది మీరు చూపించిన నమూనా శబ్దాన్ని పట్టుకుని మొత్తంలోంచి తీసేస్తుంది. శబ్దం ఒకేలా ఉంటే తీస్తుంది, మధ్యలో మారితే మిగిల్చేస్తుంది. మీకు తిరిగొచ్చిన ఫైళ్లలో ఆ ‘గుయ్’ అక్కడక్కడే వినిపించిందేమో ఒకసారి చూడండి.

దీనికి మందు బయోస్‌లోనే ఉంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కితే బయోస్ వస్తుంది. అందులో ఫ్యాన్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్‌ని కదలకుండా తక్కువ వేగం మీద ఉంచండి, అక్కణ్నించి మెల్లగా పెంచండి. ఫ్యాను స్పందించడానికి పట్టే సమయం పెంచే సెట్టింగ్ చాలా బోర్డుల్లో ఉంటుంది, దాన్ని సాధ్యమైనంత ఎక్కువ పెట్టండి. బోర్డు ఒప్పుకుంటే పవర్ లిమిట్ రెండూ (ప్రాసెసర్ మామూలుగానూ, కాసేపూ తినగల వాట్ల హద్దులు) 65 దగ్గర కట్టేయండి. ఆడియో పనికి తేడా కనిపించదు, వీడియో ఎక్స్‌పోర్ట్ ఉంటే కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. రికార్డింగ్ రాత్రుళ్ల కోసం ఫ్యాన్లని ఒకే వేగంలో నిలిపేసే ప్రొఫైల్ ఒకటి విడిగా దాచుకోండి. ఇవన్నీ చేసినా ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడు కూడా 60, 70 చూపిస్తుంటే కూలర్ సరిగా కూర్చోలేదన్నమాట. ఇంటెల్ డబ్బా కూలర్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులు ఉంటాయి. క్యాబినెట్ అటూ ఇటూ జరిపినప్పుడు ఒకటి ఊడొచ్చినా కూలర్ ఒకవైపు లేస్తుంది. నాలుగూ గట్టిగా దిగాయో లేదో చూసి, చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొత్తది వేయించండి.

ఒక జాగ్రత్త. ఫ్యాన్ సెట్టింగులు డిసెంబరులో చేసుకుంటే మేలో దెబ్బతింటారు. గది 25 నుంచి 37కి వెళ్తే లోపలి ఉష్ణోగ్రత కూడా దాదాపు ఆ 12 డిగ్రీలూ పైకి జరుగుతుంది. చల్లని దేశాల గదుల్లో 20, 22 డిగ్రీల దగ్గర పరీక్షించి ‘ఈ ఫ్యాను 500 చుట్లకే చాలు’ అని చెప్పేవాళ్ల లెక్క మన వేసవికి అతకదు. ఫ్యానే లేని కూలర్లు కూడా ఉన్నాయి, వాటిని విజయవాడలో నేను సిఫారసు చేయను.

మీ ముందున్న దారులు ఇప్పుడు చెబుతాను. ఏది పట్టుకోవాలో మీ ఇల్లు, మీ చేతిలోని డబ్బు, ఆ అరగంట పరీక్షలో తేలిన దొంగ నిర్ణయిస్తాయి.

ఖర్చు లేనిది పైన చెప్పేశాను: దుమ్ము, రెండు ఫ్యాన్లు పీకడం, బయోస్. దీనితోనే హోరు బాగా తగ్గొచ్చు. నష్టమేమిటంటే మిగిలిన ఆ ఒక్క రంగుల ఫ్యాను ఇంకా పూర్తి వేగంతోనే ఉంటుంది, దాని ప్లగ్గు చాలాసార్లు ఆ హబ్బుకి మాత్రమే పట్టే రకం, మదర్‌బోర్డుకి పట్టదు.

రెండో దారి, ఆ మూడూ తీసేసి నాలుగు పిన్నుల ఫ్యాన్లు రెండు. ఒకటి ముందు, ఒకటి వెనక. మీ మదర్‌బోర్డు చవక రకమైతే క్యాబినెట్ ఫ్యాన్లకి ఒకటే హెడర్ ఉంటుంది. అప్పుడు రెండింటినీ కలిపే స్ప్లిటర్ తీగ తీసుకోండి, లేదా ఒకదాని వెనక ఒకటి తగిలించుకునే రకం ఫ్యాన్లు అడగండి. దీనికి మీ 6,000లో మూడోవంతు కూడా పట్టకపోవచ్చు. రంగుల లైట్లు పోతాయి, బాబు కొంచెం అలగొచ్చు.

మూడోది, కూలర్ కూడా మార్చడం. పరీక్షలో దొంగ కూలరేనని తేలితే ఇదే ముందు చేయాలి, క్యాబినెట్ ఫ్యాన్ల సంగతి తర్వాత. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి ఉన్న మామూలు టవర్ కూలర్ (రేకులు నిలువుగా పేర్చిన ఎత్తైన కూలర్) రెండు వేల రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతుంది, 65 వాట్ల చిప్పుకి అది ధారాళంగా సరిపోతుంది. కొనేముందు రెండు కొలతలు చూడాలి. అలాంటివి 150 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఎత్తు ఉంటాయి, మీ క్యాబినెట్ తలుపు మూతపడాలి. మీ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌కి సరిపోయే బిగింపు డబ్బాలో ఉండాలి. రెండు ఫ్యాన్లు, ఈ కూలర్ కలిపి కూడా మీ డబ్బులో మిగులుతుంది. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి మీ తమ్ముణ్ని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపుల్లో అడిగి, మీ ఊరి ధరతో పోల్చమనండి.

నాలుగోది, ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌కి మారడం. మనసుకి నచ్చే పనే, గాలి బాగా ఆడుతుంది, కానీ అంతా విప్పి మళ్లీ బిగించాలి. అంతకన్నా ముందు, మీ క్యాబినెట్ ఇప్పుడు కంప్యూటర్ టేబుల్ కింద ఉండే చెక్క గూట్లో ఉందేమో చూడండి. అందులో ఉంటే వెనక నుంచి వచ్చిన వేడిగాలే మళ్లీ ముందు నుంచి లోపలికి పోతుంది, చెక్క డొల్ల తంబురా బుర్రలా శబ్దాన్ని పెంచుతుంది. బయటికి తీసి, కింద మందపాటి కొబ్బరిపీచు పట్టా వేసి పెట్టండి.

లిక్విడ్ కూలర్ గురించి మీవారికి నచ్చజెప్పాలి. నీళ్లు అనగానే చల్లదనం అనిపిస్తుంది. దానికీ రేడియేటర్ మీద ఫ్యాన్లు ఉంటాయి, అదనంగా ఎప్పుడూ తిరిగే పంపు ఒకటి వస్తుంది. గది గాలికన్నా అది కూడా చల్లబరచలేదు. 200 వాట్ల చిప్పుకి అర్థం ఉంది. మీ చిప్పుకి 9,000 పెడితే శబ్దం చేసేవాటి సంఖ్య పెరుగుతుంది. ఆయన చెప్పింది మీ కష్టం చూసి, మీ మీద ప్రేమతో చెప్పినదే. అందుకని ‘అది వద్దు’ అనేకన్నా పెన్సిల్ పరీక్షకి ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. దొంగ ఎవరో ఆయనే విన్నాక మీరు వాదించాల్సిన పని ఉండదు.

ఇక మైకు. తొమ్మిది రెక్కల ఫ్యాను నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే సెకనుకి 180 సార్లు గాలిని కొడుతుంది. ఆడవాళ్ల గొంతు శ్రుతి కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే ఆ గుయ్‌ని ఎడిటింగ్‌లో కోసేస్తే మీ గొంతులోని నిండుదనం కూడా పోతుంది. దాన్ని మైకు దాకా రానివ్వకపోవడమే మేలు. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకు టేబుల్ మీద, క్యాబినెట్‌కి రెండడుగుల్లో ఉందని రాశారు. యూఎస్‌బీ తీగ ఐదు మీటర్ల దాకా లాగవచ్చు. మైకుని ఎనిమిది అడుగుల దూరానికి తీసుకెళితే లెక్క ప్రకారం 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, నాలుగు గోడల మధ్య అంత రాకపోయినా చాలానే తగ్గుతుంది. ఒకవైపే వినే రకం మైకైతే దాని వీపు కంప్యూటర్ వైపు పెట్టండి. వెనక బీరువా తలుపు తెరిచి బట్టలు, పక్కన తాడు మీద బొంత, మధ్యలో మీరు. నోటికి మైకు జానెడు దూరం. వంటగది మాత్రం వద్దు, ఫ్రిజ్ మోత ఒకటి, గట్టి గోడల ప్రతిధ్వని ఒకటి. ఆడియో పుస్తకాల ఏసీఎక్స్ వేదిక ఎవరూ మాట్లాడని చోట శబ్దం మైనస్ 60 డెసిబెల్స్ కన్నా పైకి ఉండకూడదంటుంది. మీ సంస్థ కూడా ఏదో ఒక అంకె పెట్టుకునే ఉంటుంది. అదేమిటో అడిగి రాయించుకోండి, ‘గుయ్‌మంటోంది’ అన్న మాటకి అంకె దొరుకుతుంది. పది సెకన్లు మౌనం రికార్డు చేసి ఆ అంకెతో పోల్చుకుంటే, ఏ ఖర్చు దగ్గర ఆగిపోవచ్చో మీకే తెలుస్తుంది.

అత్తయ్యగారి నిద్ర సంగతి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా రికార్డింగ్ కుదరదు. దానికి దారులు వేరే ఉన్నాయి, వేటికీ డబ్బు అక్కర్లేదు. మీ కథలు ఒక్కోటి ఎనిమిది పది నిమిషాలని రాశారు. రెండు గంటలు ఏకబిగిన ఫ్యాన్ ఆపకుండా, ఒక కథకి పావుగంట ఆపి, తర్వాత పావుగంట వేసి, ఆ సమయంలో తర్వాతి కథ మనసులో చదువుకోవచ్చు. మీ పని సాగుతుంది, కానీ ఆలస్యమవుతుంది, ఆవిడ నిద్ర అప్పుడప్పుడూ చెదరవచ్చు. లేదా ఆ రెండు రాత్రులూ ఆవిడ పక్క బెడ్‌రూమ్‌లో మనవడి దగ్గర వేయండి. మీవారికి ఇరుకవుతుంది, ఆయన ఐదింటికి లేవాలి కాబట్టి ముందు ఆయన్ని అడగాలి. ఇంకోటి, మీవారు వెళ్లిన ఐదు గంటల తర్వాత రికార్డు చేయడం. ఆ వేళకి హాలు కాస్త చల్లబడి ఉంటుంది, వీధి ఇంకా లేవదు, పెద్దావిడ కూడా ఆ సమయానికి లేచే అలవాటు ఉన్నవారేమో మీకే తెలియాలి. కాకపోతే రాత్రి త్వరగా పడుకోవాలి, గుడి మైకు ఎన్నింటికి మొదలవుతుందో కూడా చూసుకోవాలి.

ఖర్చు గురించి మీ భయం నాకు అర్థమైంది. ఇది మీ పనిముట్టు. కుట్టుమిషన్ మీద బతికే ఇంట్లో మిషన్‌కి నూనె వేయడాన్ని ఎవరూ దుబారా అనరు. తిరిగొచ్చిన ఆ రెండు ఫైళ్లకి మీరు పోగొట్టుకున్న డబ్బెంతో కాగితం మీద వేసుకోండి, ఫ్యాన్ల ధర పక్కన పెట్టి మీవారికి చూపించండి. మీ కథలు అత్తయ్యగారు ఒక్కటీ వినలేదని కూడా రాశారు. ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవికి పెట్టి వినిపించండి. ఆ రాత్రి ఫ్యాన్ ఎందుకు ఆపుతున్నారో అప్పుడు ఆవిడకి వేరేగా చెప్పక్కర్లేదు.

మీ చివరి ప్రశ్న, ఫ్యాను ముందూ వెనకా. ఒకవైపు రెక్కలు నేరుగా కనిపిస్తాయి. రెండోవైపు మోటారుని పట్టి ఉంచే మూడో నాలుగో కడ్డీలు అడ్డంగా ఉంటాయి. మామూలు ఫ్యాన్లలో గాలి కడ్డీలున్న వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్నింటి చట్రం మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ముందు ఫ్యాన్‌కి కడ్డీలు క్యాబినెట్ లోపలికి, వెనక ఫ్యాన్‌కి బయటికి ఉండాలి. బిగించాక పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూడండి. ముందు సందుల దగ్గర అది లోపలికి లాగినట్టు అతుక్కోవాలి, వెనక జాలీ దగ్గర బయటికి ఎగరాలి.